ఒక్క ఎంబీ వాంగ్మూలం

"ఇంకోసారి పెట్టండి," అంది కనకలక్ష్మి.

రాజేందర్ నవ్వాడు. "నాలుగుసార్లు విన్నవు కనకమ్మా. ఐదోసారి వింటే వాడు మాట మార్చుకుంటడా?"

"వాడు మార్చుకోడు. నా చెవులు మార్చుకుంటయేమో చూస్త. పెట్టండి."

బుధవారం ఉదయం పది నలభై. కోకాపేటలో గిజిగాడు ఆడియో కంపెనీ ఏడో అంతస్తు, మీటింగు గది. బల్లకు అటువైపు కంపెనీ భద్రతాధికారి రాజేందర్. ఇటువైపు కనకలక్ష్మి, ఆమె పక్కన రెబెక్కా. రాజేందర్ ఒకప్పుడు పోలీసు ఉద్యోగంలో కనకలక్ష్మికి పై అధికారి. సైబర్ విభాగంలో ఏడేళ్ళు చేసి, ఆయన రాసిన ఒక రిపోర్టు తప్పని రుజువు కాగితం చేతికిచ్చి, ఆ రిపోర్టు కింద సంతకం పెట్టనని తెగేసి చెప్పి బయటికి వచ్చిందామె. నల్లగండ్లలో రెండు గదులు కిరాయికి తీసుకుని డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. మళ్ళీ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం ఇదే.

ల్యాప్‌టాప్‌లోంచి గొంతు వచ్చింది. నిదానంగా, మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ.

"నేను ఇమ్మాన్యుయేల్‌ని. కంపెనీ దాచుకున్న పాటల్ని బయటివాళ్ళకి ఇచ్చింది నేనే. ఎవరూ బలవంతం చేయలేదు. సిగ్గుతో వెళ్ళిపోతున్నాను. అక్కా, నన్ను వెతకొద్దు..."

సరిగ్గా రెండు నిమిషాలు. ఆగిపోయింది.

రెబెక్కా కళ్ళు తుడుచుకోలేదు. మూడు రోజులుగా తుడుచుకుని తుడుచుకుని ఆ ఓపిక కూడా అయిపోయింది. పెద్దాసుపత్రిలో నర్సు ఆమె. తమ్ముడు ఇమ్మాన్యుయేల్ ఈ కంపెనీలో పాటల రికార్డింగులు భద్రపరిచే ఉద్యోగి. సోమవారం డ్యూటీకని వచ్చినవాడు ఇంటికి తిరిగి రాలేదు. స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వబోతే, కంపెనీ వాళ్ళు ఈ గొంతు వినిపించారు. ఇక అక్కడ ఆమె మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మంగళవారం కనకలక్ష్మి ఆఫీసు మెట్లెక్కింది.

"టైములు చెప్పండి," అంది కనకలక్ష్మి.

రాజేందర్ కాగితం చూడకుండానే చెప్పాడు. "సోమవారం పొద్దుగాల తొమ్మిదీ అయిదుకు లోపలికొచ్చిండు. పదకొండూ ఇరవైకి గేటుకాడ కార్డు గీకి బయటికి పోయిండు. పదకొండూ ఇరవై అయిదుకు ఫోన్ బంద్. పన్నెండూ అయిదుకు వాని మెయిల్ నుంచి ఈ గొంతు వచ్చింది. ఇగ అయిపాయె. నా రిపోర్టు అదే."

"గేటు కెమెరాల మొఖం కనబడ్డదా?"

"టోపీ, మాస్కు. వాని నీలం బ్యాగు. వాని కార్డు. ఇంకేం కావాలె?"

"మొఖం కావాలె," అంది కనకలక్ష్మి. "కార్డుకు కాళ్ళుండవు సార్. ఎవరు మోస్తే వాళ్ళెంబడి పోతది."

రెబెక్కా ఒక్కసారిగా ముందుకు వంగింది.

"మేడమ్, ఈ ఫైలు ఏ రకం అండీ?"

"ఎంపీత్రీ," అన్నాడు రాజేందర్ విసుగ్గా. "ఒక్క ఎంబీ. అయితే ఏంది?"

"అయితే మా తమ్ముడు పంపలేదండీ అది."

రాజేందర్ కుర్చీ వెనక్కి వాలాడు. "మనిషి పారిపోతుంటే ఫైల్ రకం చూసుకుంటడా అమ్మా?"

"వాడు చూసుకుంటాడండీ." రెబెక్కా తల అడ్డంగా ఊపింది. "మా అమ్మ చివరి రోజుల్లో ప్రార్థన చేస్తుంటే రికార్డు చేశాడు. నా ఫోన్లో పట్టట్లేదురా, కాస్త చిన్నది చేసివ్వరా అని బతిమాలాను. వాడు నాకు కొత్త ఫోను కొనిచ్చాడు గానీ అమ్మ గొంతు చిన్నది చెయ్యలేదు. చెరుకు ఆడితే బెల్లం వస్తుందక్కా, తియ్యగానే ఉంటుంది, సంచిలో పడుతుంది. బెల్లం దిమ్మ తెచ్చి మళ్ళీ గడ చెయ్యమంటే ఎవరివల్లా కాదు అనేవాడు. చిన్నది చేసేటప్పుడు చెవికి తెలియదనుకున్న శబ్దాన్నంతా కోసి పారేస్తారటండీ. కోసింది మళ్ళీ రాదు. అలాంటివాడు తన ఆఖరి మాటలు బెల్లం చేసి పంపుతాడా?"

రాజేందర్ పెద్దగా నవ్వాడు. కనకలక్ష్మి నవ్వలేదు. చేతి పుస్తకంలో ఒక్క ముక్క రాసుకుంది: 'కోసింది ఏమిటి?'

"ఆయన గది చూడాలె," అంది లేస్తూ.

"నేను తనిఖీ చేసి సీల్ చేసిన."

"అందుకే చూడాలంటున్న."

*

సీలు తీసి తలుపు తెరవగానే కుళ్ళు కంపు గుప్పుమంది. రెబెక్కా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బల్ల కింద నుంచి స్టీలు క్యారియర్ బయటికి లాగింది. మూత తీసి, వెంటనే మూసేసింది.

"రొయ్యల వేపుడండీ. వారం నుంచి అడుగుతుంటే సోమవారం తెల్లారగట్ల లేచి చేశాను. ముట్టుకోలేదు."

కనకలక్ష్మి రాజేందర్ వైపు తిరిగింది. "గది అంగుళం అంగుళం తనిఖీ చేసిన అని రాసిండ్రు గదా. ముక్కు ఇంటికాడ మరిచి వచ్చిండ్రా సార్?"

ఆయన జవాబు చెప్పేలోగా తలుపు దగ్గర మెత్తటి గొంతు వినపడింది. "క్షమించాలి, నేను రావచ్చా అండి?"

ఓంకార్. గిజిగాడు కంపెనీ స్థాపకుడు. నలభై దాటని మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. పల్లెపల్లెకూ తిరిగి జానపద పాటలు రికార్డు చేయించాడని పేరు. ఒకప్పుడు తనూ మైకు పట్టుకుని తిరిగినవాడే. ఆ పాటల ఖజానాను ఒక బొంబాయి సంస్థ కొంటోంది. ఆ రోజే మధ్యాహ్నం రెండు గంటలకు పన్నెండో అంతస్తులో సంతకాలు.

"రెబెక్కా గారూ, ఇమ్మాన్యుయేల్ నాకు తమ్ముడి లాంటివాడండి. మీకేం చూడాలన్నా చూడండి. కంప్యూటరు నేను తెరిచి ఇస్తాను."

ఆయన పాస్‌వర్డు కొడుతుండగా కనకలక్ష్మి బల్లను చూసింది. పాటలు రికార్డు చేసే చిన్న యంత్రం తాలూకు తోలు సంచి ఉంది, లోపల యంత్రం లేదు. హెడ్‌ఫోన్లు కుర్చీకి కుడిపక్కన పెట్టి ఉన్నాయి. మిగతా సామానంతా, మౌస్‌తో సహా, ఎడమపక్కన ఉంది.

"మీ తమ్ముడు ఎడమచేతి వాటమా?"

"అవునండీ."

"హెడ్‌ఫోన్లు ఆఖర్న తీసినోడు ఆయన కాదు," అంది, ఎవరితోనూ కానట్టు.

తెరమీద ఆ కంప్యూటరులో జరిగిన పనుల పట్టీ తెరిపించింది. సోమవారం నాటి వరసలు కిందికి జరిపింది. ఒకచోట వేలు ఆగింది.

"పదకొండూ నలభై ఏడు. ఒక పెద్ద ఫైల్‌ను ఎంపీత్రీ చేసిండ్రు. పదకొండూ నలభై ఎనిమిది. పెద్ద ఫైల్‌ను తుడిచేసిండ్రు." ఆమె తలెత్తింది. "రాజేందర్ సార్, మీ రిపోర్టుల మనిషి పదకొండూ ఇరవైకే గేటు దాటిండు. ఇరవై ఏడు నిమిషాల తర్వాత ఈ కుర్చీల కూసున్నదెవరు?"

రాజేందర్ తెర దగ్గరికి వంగి ఆ వరసను చదివాడు.

"బయట నుంచి కూడా ఈ కంప్యూటరును నడపొచ్చండి," అన్నాడు ఓంకార్ నెమ్మదిగా. "మా వాళ్ళంతా ఇంటి నుంచి చేస్తుంటారు. మెయిల్‌లో పంపడానికి పెద్ద ఫైలు బరువని చిన్నది చేసుంటాడు. మామూలే అది."

"అంతే అయి ఉంటది," అంది కనకలక్ష్మి వెంటనే. రాజేందర్ ఆశ్చర్యంగా చూశాడు. ఆమె ఏదీ అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదని ఆయనకు తెలుసు. "నాకు ఈ పని ఎట్ల చేస్తరో తెల్వదు సార్. ఏదన్న ఒక పాటను చిన్నది చేసి చూపిస్తరా?"

ఓంకార్ చిరునవ్వుతో ఒక పాట ఎంచుకుని మీట నొక్కాడు. ఎనిమిది సెకన్లు. పట్టీలో కొత్త వరస పుట్టింది. కనకలక్ష్మి దాన్ని చూసింది. సోమవారం వరసను చూసింది. మళ్ళీ కొత్తదాన్ని చూసింది.

సోమవారం వరసకు కాస్త పైన ఇంకో వరస రెబెక్కా కంటపడింది. 'పదకొండు నలభై అయిదు - చెరుకు - నకలు పూర్తి.' ఆమె పెదవులు విచ్చుకున్నాయి. బల్ల కింద కనకలక్ష్మి చెప్పు ఆమె పాదం మీద గట్టిగా పడింది. రెబెక్కా నోరు మూసుకుంది.

"చాలా థాంక్స్ సార్," అంది కనకలక్ష్మి.

ఓంకార్ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి రాజేందర్ ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు.

"అయిపోయిందా తమాషా? నా రిపోర్టును సారు ముంగట గలీజు చేద్దామనుకున్నవు. చెయ్యలేకపోయినవు. బ్యాడ్జి ఇయ్యి. పన్నెండున్నరకు నువ్వు ఈ బిల్డింగుల కనబడొద్దు."

"జర ఒక మాట చెప్పండి సార్. ఫ్లాక్ అంటే ఏంది?"

"ఫ్లాటా? ఏ ఫ్లాటు?"

కనకలక్ష్మి ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. ఆ ముఖంలో కోపం ఉంది, గర్వం ఉంది, వెనకటి కక్ష ఉంది. దాపరికం లేదు. పాటను కోయకుండా దాచే ఫైలును ఫ్లాక్ అంటారన్న సంగతి ఈయనకు నిజంగానే తెలియదు.

మెడలోంచి బ్యాడ్జి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "బ్యాడ్జి మీది. కాళ్ళు నావి. యాడికి పోవాల్నో అవి నన్ను అడుగుతయ్, మిమ్మల్ని కాదు."

*

నాలుగో అంతస్తు క్యాంటీన్‌కు బ్యాడ్జి అక్కర్లేదు. మూల బల్ల దగ్గర కూర్చోగానే రెబెక్కా ఊపిరి వదిలింది.

"చెరుకు అంటే మా ఇంట్లో డబ్బా మేడమ్! వాడి గదిలో చిన్న డిస్కు పెట్టె ఉంటుంది. దానికి ఆ పేరు పెట్టుకున్నాడు. రికార్డరులోని కార్డును ఆఫీసు కంప్యూటరుకు తగిలిస్తే చాలు, ఉన్నది ఉన్నట్టు ఒక నకలు ఇంటికొచ్చేట్టు చేసుకున్నాడు. రెండు నెలలైంది. ఎందుకురా అంటే, ఇక్కడ అసలు ఫైళ్ళు బతకట్లేదక్కా అన్నాడు."

"నిన్న మీకు చెప్పిన, ఆయనది ఏది దొరికితే అది తెమ్మని."

రెబెక్కా సంచిలోంచి ఇమ్మాన్యుయేల్ ఇంటి ల్యాప్‌టాప్ తీసింది. ఫోను నెట్‌కు కలిపి ఇంట్లోని డబ్బాను తెరిచింది. సోమవారం పేరున ఒకే ఒక్క ఫైలు. రెండు నిమిషాలు. ముప్పై నాలుగు ఎంబీ.

"గొంతు అదే. నిడివి అదే. వాళ్ళ చేతిలున్నది ఒక్క ఎంబీ," అంది కనకలక్ష్మి. "ముప్పై మూడు యాడికి పోయినయో చూద్దాం. రికార్డు చేసిన టైమెంత?"

"పదకొండూ ముప్పై రెండండీ."

"కార్డు కంప్యూటరుల పెట్టింది పదకొండూ నలభై అయిదు. నడుమ పదమూడు నిమిషాలు." కనకలక్ష్మి వేళ్ళు బల్లమీద ఆడాయి. "మనిషి బయటికి పోయి మాట్లాడి ఉంటే, ఆ కార్డు ఎట్ల వెనక్కి వచ్చింది? గేటుల ఆయన మళ్ళ లోపలికి వచ్చినట్టు లేదు. ఇంకో ముచ్చట చెప్త వినండి. ఓంకార్ సారు నా ముంగట ఒక పాటను చిన్నది చేసిండు గదా. ఆ వరసల ఏ అంకె లేదు, మామూలుగ అయిపోయింది. సోమవారం వరసల ఒక అంకె చేత్తో కొట్టి పెట్టిండ్రు. పదివేల హెర్ట్జులకు పైనున్న శబ్దమంతా కోసెయ్యి అని. సన్నని శబ్దాలన్నీ ఆ పైననే ఉంటయ్."

"మామూలు కోతలో అవి ఉండిపోతాయని వాళ్ళకి భయమా?"

"భయమే. పైగా భయపడినోనికి శబ్దం సంగతి మంచిగ తెలుసు. ఫ్లాక్ అంటే ఫ్లాటు అనేటోడు కాదు వాడు."

ఆ పేరు ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు.

ఇమ్మాన్యుయేల్ రోజూ వాడే పరికరంలో ఆ ఫైలును తెరిచారు. శబ్దం తెరమీద బొమ్మయింది. కింద మనిషి గొంతు, కారం చల్లినట్టు ఎర్రగా. దాని పైన, పద్నాలుగు వేల దగ్గర, వెంట్రుక లాంటి ఒక తిన్నని గీత. ఇంకా పైన, మనిషి చెవికి అసలే అందని చోట, ఇరవై ఏడు వేల దగ్గర ఒక మచ్చ. నాలుగు సెకన్లు ఆగి మళ్ళీ మచ్చ. మళ్ళీ నాలుగు సెకన్లు. రెండు నిమిషాల పొడుగునా తప్పకుండా వస్తూనే ఉంది.

"ఏంటండీ ఇది?"

"మాట్లాడిన జాగాల ఉన్న ఏదో మిషన్. ఆ గీత దాని సన్నని ఈల, మామూలు కోతల ఉండిపోయేది. మచ్చ దాని కూత, మనకు వినపడదు. ఆయన యంత్రానికి వినపడ్డది."

మచ్చలను లెక్కపెడుతూనే కనకలక్ష్మి ఆ డబ్బాలోని మిగతా ఫైళ్ళు చూసింది. 'సీతాబాయి' అన్న పేరు మీద చేయి ఆగిపోయింది. ఖాజాగూడ సీతాబాయి. తమ వాడకట్టులో పెళ్ళి అంటే ముందు ఆమెను పిలిచేవాళ్ళు. పసుపు దంచేటప్పుడు ఆమె ఎత్తుకుంటే రోకళ్ళు వాటంతట అవే లేచి పడేవి. పోయి రెండేళ్ళయింది.

ఆమె పాట రెండు ఫైళ్ళుగా ఉంది. ఒకటి ఇమ్మాన్యుయేల్ తాను స్వయంగా రికార్డు చేసుకున్నది. రెండోది పోయిన వారం కంపెనీ ఖజానాలోంచి తీసినది, 'అసలు, కోత లేదు' అన్న ముద్రతో. మొదటిదాని బొమ్మ పైదాకా పొగలా లేచి ఉంది. రెండోది పదహారు వేల దగ్గర కత్తితో కోసినట్టు సమంగా ఆగిపోయింది. పైనంతా నలుపు.

రెబెక్కాకు అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. "బెల్లం తెచ్చి... చెరుకు అని అమ్ముతున్నారా?"

"అన్నీ చిన్నగ చేసుకుని, అసలువి తుడిచిపడేసిండ్రు. ఇప్పుడు ఆ చిన్నవాటినే ఉబ్బించి, పెద్ద ఫైళ్ళని బొంబాయోళ్ళకు అంటగడుతున్నరు." కనకలక్ష్మి తెరమీది నలుపును వేలితో చూపించింది. "సీతవ్వ మళ్ళ పాడదు. ఆమె గొంతుల పై సగం కోసి చెత్తబుట్టల ఏసిండ్రు. మీ తమ్మునికి ఎర్కైంది. రెండు గంటలకు సంతకాలు. అప్పటిదాక ఆయన నోరు తెరవొద్దు."

గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది.

ఆమె లేచి, క్యాంటీన్ వెనకవైపు కరెంటు పని చూసుకుంటున్న పెద్దాయన దగ్గరికి పోయింది. పెంటయ్య. ఈ బిల్డింగు కట్టిన నాటి నుంచీ కరెంటు, ఏసీలు అన్నీ చూసేది ఆయనే. ఊరు ఖాజాగూడే.

"పెంటయ్య మామా, ఈ బిల్డింగుల మనిషికి వినపడకుండ కూసే మిషన్ ఏదన్న ఉన్నదా? నాలుగు సెకన్లకోపారి."

పెంటయ్య స్క్రూడ్రైవరు చెవిలో పెట్టి గోక్కున్నాడు. "ఎలుకల పెట్టెలే, బిడ్డా. వైర్లు కొరుకుతయని సర్వర్ రూముల పైకప్పుకు బిగిస్తరు. ఎలుకలు ఆ కూతకు పారిపోతయ్. పచ్చ లైటు నాలుగు సెకన్లకోపారి మినుకుమంటది."

"యాడయాడ ఉన్నయ్?"

"రెండే జాగలు. ఏడో అంతస్తు సర్వర్ రూముల, పదకొండో దాంట్ల."

"ఏడో దాంట్ల మాట్లాడితే..."

"మాట యాడ వినపడతది? మిషన్ల రొదకు పక్కోని కేక వినపడదు. పదకొండోది కొత్తది. మిషన్లు ఇంక రాలే. ఖాళీగ ఉన్నది."

రెబెక్కా ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుంది. ముప్పై నాలుగు ఎంబీలో గొంతు, గీత, మచ్చ తప్ప ఇంకే రొదా లేదు.

"మేడమ్," అంది. "వాడు... బయటికే పోలేదా?"

"పోలేదమ్మా. మూడు దినాల నుంచి మన నెత్తి మీదనే ఉన్నడు. మామా, సామాను లిఫ్టు యాడుంది?"

*

పదకొండో అంతస్తు ఇంకా ఎవరికీ అప్పగించలేదు. నేలమీద అట్టముక్కలు పరిచి ఉన్నాయి. చివర ఉక్కు తలుపు. దానికి బయటినుంచి కొత్తగా వేసిన ఇనుప గడియ, గడియకు వేలిముద్ర తాళం.

"ఇది నేను పెట్టింది కాదు," అన్నాడు పెంటయ్య. "ఆదివారం ఓంకార్ సారు బయటోళ్ళను పిలిచి పెట్టించిండు. ఆయిన ఏలు ఒక్కటే పడతది."

రెబెక్కా తలుపు మీద పిడికిలితో కొట్టింది. "ఒరేయ్! ఇమ్మానూ!"

ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. అప్పుడు, చాలా కిందినుంచి, నేలకు దగ్గరగా, మూడు దెబ్బలు. ఆ తర్వాత గొంతు. దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంది.

"అక్కా... ఆ ఫైలు... దొరికిందా?"

రెబెక్కా తలుపుకు చెంప ఆనించి కూలబడిపోయింది. "దొరికిందిరా నాన్నా. దొరికింది."

"నా రికార్డరులో అయితేనే... చదువుతానన్నా. వాళ్ళు... ఒప్పుకున్నారు..."

కనకలక్ష్మి తలుపు పైనున్న కెమెరాను చూసింది. దాని కన్ను మెల్లగా తిరిగి సరిగ్గా ఆమె ముఖం మీద ఆగింది. ఆమె దాన్ని చూస్తూనే ఉంది.

"చూసుకో," అంది పైకే. "మంచిగ చూసుకో."

మరుక్షణం సైరన్ మోగింది. తలుపు మీద ఎర్ర బోర్డు వెలిగి అంకెలు మొదలయ్యాయి. ముప్పై. ఇరవై తొమ్మిది.

పెంటయ్య అరిచాడు. "గ్యాసు, బిడ్డా! నిప్పంటుకుంటే ఆర్పెటందుకు గదిల గ్యాసు నింపుతది. లోపల మనిషి ఉంటే ఊపిరాడక సస్తడు! ఆ పసుపు బటన్... ఒత్తు... ఒత్తి పట్టుకో!"

కనకలక్ష్మి దూకి అరచేతితో గోడమీద బటన్ నొక్కింది. పదకొండు దగ్గర అంకె ఆగింది.

"చెయ్యి తీస్తే మళ్ళ నడుస్తది. సిలిండర్లు సెల్లార్ల ఉన్నయ్, తాళం పగలగొట్టి తిప్పెయ్యాలె. పావుగంట పడతది."

"ఉరుకు మామా."

పెంటయ్య మెట్లవైపు పరుగెత్తాడు. ఆయన అటు దిగగానే ఇటు లిఫ్టు తెరుచుకుంది. రాజేందర్, వెనక ఇద్దరు గార్డులు.

"కనకం! గోడ మీదికెల్లి చెయ్యి తియ్యి! నిప్పు లేదు, ఏం లేదు, సైరన్ మోగిచ్చి బిల్డింగంతా పరేషాన్ చేస్తున్నవా? సంతకాలు చెడగొడదామనా? లాగుండ్రి ఆమెను!"

గార్డులు ముందుకు వచ్చారు. కనకలక్ష్మి కదల్లేదు.

"లాగు," అంది. ఇన్నేళ్ళుగా అన్న 'మీరు' ఆ క్షణంలో జారిపోయింది. "లాగు రాజేందర్. నువ్వే వచ్చి లాగు. నీ రిపోర్టుల బయటికి పోయిన మనిషి ఈ తలుపు ఎనక ఉన్నడు. నా చెయ్యి లేచిన పదకొండు సెకన్లకు సస్తడు. అప్పుడు నీ రిపోర్టు నిజమైతది. మనిషి నిజంగనే పోతడు. లాగు!"

రాజేందర్ ఆగిపోయాడు. సైరన్ల మధ్య తలుపు లోపలినుంచి దగ్గు వినపడింది. ఎడతెగని పొడిదగ్గు. నేలమీద కూర్చున్న రెబెక్కా తలెత్తి ఆయన్ను చూసింది.

ఆయన చేయి జేబులోకి పోయింది. బిల్డింగులో ఏ అలారం మోగినా ముందు భద్రతాధికారి ఫోనుకే కబురు వస్తుంది. తెర చూసుకున్నాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఈసారి పైకే.

"పదకొండో అంతస్తు... గ్యాస్ విడుదల... ఆదేశం ఇచ్చింది..." తెరను ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఓంకార్ సారు."

"పదహారేండ్ల కింద కూడ నీ చేతికి కాగితం ఇచ్చిన," అంది కనకలక్ష్మి. "అప్పుడు చదవలే."

రాజేందర్ గార్డులను చేత్తో వెనక్కి నెట్టాడు. గోడ దగ్గరికి వచ్చి, ఆమె అరచేతి మీద తన అరచేయి పెట్టి, ఉన్న బలమంతా పెట్టి అదిమాడు.

"నువ్వు చెయ్యి తియ్యి. నేను పట్టుకుంట." ఆయన నుదుటి మీద చెమట కారుతోంది. "ఈ చెయ్యి కోసినా లేవదు. నా మాట నమ్ముతవా నమ్మవా, నీ ఇష్టం. గానీ తలుపు?"

కనకలక్ష్మి కింది నుంచి తన చేయి లాక్కుంది. అంకె పదకొండు మీదే ఉంది. ఒక గార్డు ఇనుప కడ్డీ కోసం పరుగెత్తాడు, కానీ ఆ ఉక్కు తలుపు కడ్డీకి లొంగేది కాదని అక్కడున్న అందరికీ తెలుస్తూనే ఉంది. ఒంటిగంటా పది. పై అంతస్తులో బల్లమీద కాగితాలు సర్దుతూ ఉంటారు.

"ఆయిన ఏలు పడితేనే తెరుసుకుంటదట," అన్నాడు రెండో గార్డు భయంభయంగా.

రెబెక్కా చేతిలోంచి ల్యాప్‌టాప్ తీసుకుని చంకన పెట్టుకుంది కనకలక్ష్మి. పైకి పోయే మెట్ల తలుపును కాలితో తన్ని తెరిచింది.

"ఏలు తెస్త," అంది. "మనిషి ఎంబడి వస్తడా రాడా అన్నది ఆయిన ఇష్టం."